కొల్లేటి గట్టున జాజ్ పాట

“మీ బావ ఒక్కడే మోసుకెళ్తే ఏదో ఒకటి విరుగుతుంది, ఆ వాయిద్యమో ఆయన నడుమో. నువ్వూ వెళ్లరా” అని మా అక్క ఫోన్ చేసింది. నా కొల్లేటి ప్రయాణం అలా మొదలైంది.

బావ ప్రభాకర్ వాయించేది డబుల్ బేస్. ఫిడేలుకి పెద్దన్నయ్య అనుకోండి, నిలబెడితే నాకంటే జానెడు ఎత్తు ఉంటుంది. ఆయన, ట్రంపెట్ ఆయన, డ్రమ్స్ కుర్రాడు, పాడే స్టెల్లా, ఇంతే బృందం. హైదరాబాదు హోటళ్లలో గ్రామఫోను కాలం నాటి తరహాలో జాజ్ పాడుతుంది స్టెల్లా. తళుకుల గౌను, మోచేతుల దాకా గ్లవుజులు, తలలో ఒక ఈక. పాట మధ్యలో కిందికి దిగి, ఎవరో పెద్దమనిషి కుర్చీ చేతి మీద కూర్చుని, ఆయన కళ్లజోడు తీసి తను పెట్టుకుంటుంది. ఆయన సిగ్గుతో మెలికలు తిరుగుతుంటే జనం పడీ పడీ నవ్వుతారు. వాళ్లు కాబరే అనేది ఆ అల్లరినే.

ఈసారి పిలుపు కొల్లేటికోట నుంచి వచ్చింది. అక్కడ చేపల చెరువులున్న ఆసామి ఒకాయన పెళ్లిరోజు వేడుక. ఆయన భార్య హైదరాబాదులో స్టెల్లా పాట విని ముచ్చటపడిందట.

హైదరాబాదు నుంచి రాత్రి బండిలో వచ్చి, పొద్దున్న ఏడింటికి విజయవాడలో పాసింజరు ఎక్కాం. ఎక్కించడానికే అరగంట యుద్ధం చేశాం. నల్ల సంచీలో బేస్‌ని తలుపు పక్కన ఆనించి ఇద్దరం చెరో వైపు కాపలా కూర్చున్నాం. ఎదురుగా కూరగాయల బుట్టతో ఉన్న పెద్దావిడ దాన్ని చాలాసేపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

“లోపల ఎవరండీ?”

అందరం నవ్వాం, స్టెల్లా తప్ప. అల్లరికి పుట్టిన ఈ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోవడం నాకు వింతగా తోచింది. కారణం బావ చెప్పాడు. ఆమెది తాడేపల్లిగూడెం. తండ్రి బడిపంతులుగా చేసి రిటైరయ్యారు, చర్చిలో హార్మోనియం వాయించేది ఆయనే. ఆ హార్మోనియం పక్కన నిలబడే పాట నేర్చుకుంది. గౌను వేసుకుని పాడటం మొదలెట్టాక మాత్రం ఆయన ఒక్కసారీ వినలేదు. ఈరోజు రమ్మని తనే పిలిచింది, వస్తానన్నారు.

“నాన్నకి నచ్చకపోతే కోప్పడరండీ. మెల్లగా లేచి వెళ్లిపోతారు, అంతే” అంది స్టెల్లా నాతో. “ఆయన లేచారంటే మాత్రం ఈ గౌను మళ్లీ వేసుకోలేను.”

ఏలూరులో దిగి బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాం. కారప్పొడి మీద నెయ్యి ధారాళంగా పోశారు, వెళ్లేవాళ్లు మరిచిపోకండి. గౌను నలిగిందని ఇస్త్రీ బండి వెతికాం. ఇస్త్రీ ఆయన తళుకులకి భయపడి పైన తువ్వాలు పరిచి రుద్దుతూ, క్రిస్మస్ నాటకంలో దేవదూత వేషమా అని మర్యాదగా అడిగాడు. అవునన్నాడు బావ.

అక్కణ్ణుంచి కైకలూరు బస్సు. కండక్టరు బేస్‌ని డ్రైవరు వెనక నిలబెట్టించి, మలుపుల్లో తనే చెయ్యి అడ్డం పెట్టాడు. కైకలూరులో ఆటో మాట్లాడుకున్నాం. ఇక అటూ ఇటూ చెరువులే, మధ్యలో గట్టు లాంటి రోడ్డు, నీళ్ల మీద కొంగలు. నాకు ఊరికే నవ్వొస్తోంది. డ్రమ్స్ కుర్రాడు ఒళ్లో తబలాలా డ్రమ్ము పెట్టుకుని ఆటో కుదుపులకి దరువు కలుపుతున్నాడు. మధ్యాహ్నం ఆసామి ఇంట్లో కొర్రమీను పులుసు. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. స్టెల్లా పెరుగన్నంతో సరిపెట్టింది.

సాయంత్రం అయిదింటికి చెరువు గట్టున షామియానా కింద పాట మొదలైంది. వరసగా ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. తెల్ల చొక్కాతో స్టెల్లా వాళ్ల నాన్న, మాస్టారు వచ్చి, ఆఖరి వరసలో దారి పక్క కుర్చీలో కూర్చున్నారు. స్టెల్లా చూసింది. ఆ కుర్చీ ఎందుకు ఎంచుకున్నారో నాకూ అర్థమైంది.

రెండు పాటలు జనం బుద్ధిగా విన్నారు. మూడోది ఆలస్యంగా వచ్చిన ప్రియుణ్ణి ఏడిపించే పాట. స్టెల్లా కిందికి దిగి, మొదటి వరసలో పంచె కట్టుకున్న పెద్దాయన కుర్చీ చేతి మీద కూర్చోబోయింది. ఆయన చటుక్కున లేచి నిలబడ్డారు.

“కూర్చోండమ్మా. ఇందాకటి నుంచీ నిలబడే ఉన్నారు.”

ఆమె పక్కాయన దగ్గరికి జరిగింది. ఆయనా లేచి మంచినీళ్లు తెమ్మని కేకేశారు. మూడో ఆయన కళ్లజోడు మీద చెయ్యి వెయ్యబోతే తనే తీసి ఇచ్చి, అది చత్వారానిదనీ ఆమెకి సరిపడదనీ జాగ్రత్త చెప్పారు. ఇన్నేళ్లలో ఏ హోటల్లోనూ ఓడని స్టెల్లా మర్యాద ముందు ఓడిపోయింది. ఆమె ఎటు తిరిగితే అటు వరసలు వరసలుగా లేస్తున్నారు. బావ నవ్వు ఆపుకోలేక వాయిద్యం వెనక దాక్కున్నాడు.

ఇంతలో ఒకావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. “ఎవరమ్మాయండీ మీరు?”

స్టెల్లా పాట ఆపకుండా, ఆ బాణీలోనే మైకులో జవాబిచ్చింది, తాడేపల్లిగూడెం మాస్టారి అమ్మాయినని. తలలన్నీ వెనక్కి తిరిగాయి. సరిగ్గా అప్పుడే మాస్టారు లేచారు.

స్టెల్లా గొంతు ఆగిపోయింది. ట్రంపెట్ ఆయన ఏదో ఊది కప్పిపుచ్చబోయాడు గానీ అందరికీ తెలిసిపోయింది. మాస్టారు దారి వైపు తిరిగారు. వంగి కుర్చీ ఎత్తి తలమీద పెట్టుకున్నారు. మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చి, మొదటి వరసకి కూడా ముందు దాన్ని వేసుకుని కూర్చున్నారు.

“వెనకాల సరిగ్గా వినపడట్లేదమ్మా. మళ్లీ మొదట్నుంచి పాడు.”

మొదట్నుంచే పాడింది. అంత అల్లరిగా ఆమె హైదరాబాదులో కూడా పాడి ఉండదని బావ ఇప్పటికీ అంటాడు. ఈసారి తిన్నగా తండ్రి దగ్గరికే వెళ్లి, కుర్చీ చేతి మీద కూర్చుని, ఆయన కళ్లజోడు తీసి పెట్టుకుంది. ప్లాస్టిక్ కుర్చీ ఒక పక్కకి వంగింది. ఊరంతా లేచిన చోట ఆయన ఒక్కరే కదల్లేదు. మోకాలి మీద తాళం వేస్తూ కూర్చున్నారు. నాకు సంతోషం పట్టలేక కళ్లు తడిశాయి, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

మర్నాడు ఆసామి వ్యానులో తాడేపల్లిగూడెం చేరి, మాస్టారింట్లో పెసరట్లు తిని, మధ్యాహ్నం రైలుకి వచ్చాం. పెట్టె కిటకిటలాడుతోంది. అయినా ఒకాయన స్టెల్లా కోసం లేచాడు, ఇంకొకాయన బేస్ కోసం లేచాడు. ఆ వైపు వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే. సామాను ఎంతైనా పట్టుకెళ్లండి, చోటు వాళ్లే ఇస్తారు.

మాస్టారు ప్లాట్‌ఫారం మీద బెంచీకి ఆనుకుని, రెండో పాటలో శ్రుతి కాస్త దిగిందని కిటికీలోంచి కూతురికి చెబుతున్నారు. ఆమె వింటూ వింటూ చెయ్యి చాచి మళ్లీ ఆయన కళ్లజోడు లాగేసుకుంది. ఇంతలో రైలు కదిలింది. మాస్టారు ఒక్క ఉదుటున లేచి, నవ్వుతూ కిటికీ వెంట పరిగెత్తారు. ఆమె కళ్లజోడు ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని పెట్టుకుని, మేం కనపడినంతసేపూ అక్కడే నిలబడి చూశారు.