వెనక్కి పెట్టుకోవలసిన చెయ్యి

మొన్న మా చిన్నల్లుడు కొత్తగా కొన్న కరెంటు కారు తెచ్చి, బందరులో మా గుమ్మం ముందు ఆపి, బానెట్ ఎత్తి చూపించాడు. లోపల వేలెడు మందాన నారింజరంగు తీగలు. అవి కంటబడగానే నా ఎడమచెయ్యి, నన్నడక్కుండానే, నడుం వెనక్కి పోయింది. పక్కనే మా ఆవిడ ఉంది.

ఆ అలవాటు మా మేనమామది. గుడివాడలో ఆయన షెడ్డులోనే నేను కార్ల వైరింగు పని నేర్చుకున్నాను. అంతకుముందు రేడియోలు బాగుచేసే రోజుల్లో ఓసారి షాకు తిని చావు తప్పించుకున్నాడట. అప్పట్నించీ ఏ తీగ ముట్టినా కుడిచేత్తోనే, ఎడమచెయ్యి వీపు వెనకే. రెండు చేతులూ పెడితే కరెంటు గుండెలోంచి దారి చేసుకుంటుందనేవాడు. పన్నెండు వోల్టుల బ్యాటరీ దగ్గరా అదే తంతు. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. మరి నవ్వమా, తీగ కొసని కారు బాడీకి గీకి, నిప్పురవ్వ వస్తే కరెంటుందని తేల్చేసే రోజులవి!

తరవాత నేను బందరులో సొంత షెడ్డు పెట్టుకుని, మా బావమరిదిని పనిలో కలుపుకున్నాను. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు, చేతిలో పని ఆగేది కాదు. మేనమామ పద్ధతి చెప్పబోతే, "దొరగారిలా చెయ్యి వెనక్కి కట్టుకుని చేసే పనేంటి బావా!" అని పకపకా నవ్వాడు. నేను ఊరుకోవచ్చు కదా! "కారు కరెంటుకి చచ్చినోడెవడూ లేడులేరా" అని వాడితోపాటు నవ్వాను.

ఆ మాట ఇరవైయేళ్ళ పైన నిజంగానే నిలిచింది. ఆమధ్య తుపానుకి దివిసీమలో ఉప్పునీళ్ళు ఎక్కిన కారొకటి, పెట్రోలుతోనూ కరెంటుతోనూ నడిచేది, మా షెడ్డుకి వచ్చింది. అందులో వందల వోల్టులుంటాయని విన్నాను. అయినా నేను సామాను కోసం గుడివాడ వెళుతూ, వచ్చేదాకా ముట్టుకోవద్దని వాడితో అనలేదు. ఒక చెయ్యి బాడీ మీద ఆన్చి, రెండో చేత్తో నారింజ తీగ కొస విప్పాడట. నేను తిరిగొచ్చేసరికి షెడ్డు ముందు జనం.

ఇప్పటి కుర్రాళ్ళు రబ్బరు తొడుగులు వేసుకుని, ముందు బ్యాటరీ ప్లగ్గు పీకి, కాసేపాగి, మీటరు పెట్టి చూసిగాని చెయ్యి పెట్టరు. మంచిదే. మన కాలంలో ధైర్యమనుకున్నదంతా తెలియనితనమే అయినప్పుడు, ఆ రోజుల్ని ముచ్చటగా తలుచుకోవడానికి కూడా నోరు రాదు. షెడ్డు మూసేసినా ఆ వీధిలో నడిస్తే వాడి నవ్వు వినిపిస్తుంది, వెనకాలే నాది. మా ఆవిడ నేటికీ ఆ కారునే తిట్టిపోస్తుంది. నేనన్న మాట ఆవిడకి తెలియదు.

"చెయ్యి నొప్పెడుతోందా ఏంటండీ?" అని, ఇంకా వెనకే ఉన్న నా ఎడమచెయ్యి చూసి, భుజం తడిమింది.

అవునన్నాను.