చాంగ్‌థా బీచిలో నేను ఫారినరైన వైనం

నా వల్ల ఒక పెద్దావిడ లాడ్జి మూతపడబోయింది. తుపాను వల్ల కాదు, అప్పుల వల్ల కాదు, అచ్చంగా నా వల్ల. అదీ నేను చెప్పిన ఒకే ఒక్క అబద్ధానికి. వినండి, కడుపారా నవ్వుకోండి. మా అమ్మ దగ్గర మాత్రం ఈ సంగతి ఎత్తకండి, ఆవిడకి ఇంకా కోపం తగ్గలేదు.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. బర్మాలో, యాంగోన్ నగరం పబేడాన్ పేటలోని ఒక మసాలా దుకాణంలో పని. మా ముత్తాత విశాఖ వైపు నుంచి ఇక్కడి రేవులో మూటలు మొయ్యడానికి వచ్చాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఇండియా మొహం చూడలేదు. ఇంట్లో నేను అప్పలరాజుని, గుర్తింపు కార్డులో జో విన్‌ని. సెలవులు దొరికితే అమ్మా నేనూ బస్సెక్కి చాంగ్‌థా బీచికి వెళ్లాం. టూరిస్టులు ఇసకేస్తే రాలనంతగా ఉన్న రోజులవి.

మేం దిగిన లాడ్జి డౌ మ్యా అనే ఆవిడది. మొత్తం ఆరు గదులు. మా మొహాలు చూడగానే ఆవిడ గాబరాపడింది.

"ఫారినర్లకి గది ఇవ్వడానికి నాకు పర్మిషన్ లేదమ్మా. తెలిస్తే లైసెన్సు లాగేస్తారు. నాకు అన్నం పెట్టేవి ఈ గదులే."

అమ్మ సంచిలోంచి మా ఇద్దరి కార్డులూ తీసి చూపించింది. డౌ మ్యా వాటిని రెండుసార్లు చదివి, ఊపిరి పీల్చుకుని, తాళం ఇచ్చింది. ఇదంతా నేను పక్కనే నిలబడి విన్నాను. విని కూడా ఆ పని చేశానంటే నా తెలివి ఏపాటిదో మీరే లెక్కేసుకోండి.

సాయంత్రం కొత్త నిక్కరు, నల్లకళ్లద్దాలు తగిలించుకుని బీచికి వెళ్లాను. మొహింగా అనే టిఫిను బండి నడిపే మా థీడా (ఈ 'మా' మన 'మా' కాదు, బర్మీస్‌లో అక్క అని) నన్ను చూసి, ఉన్న పళ్లన్నీ బయటపెట్టి, "హలో సార్! ఇండియా?" అంది.

యాంగోన్‌లో నా రంగు చూసి జనం పిలిచే పిలుపు ఒకటుంది, దాన్ని ఇక్కడ రాయను. పుట్టాక నన్ను సార్ అన్న మొదటి మనిషి ఈవిడే. నా నోరు నన్నడక్కుండానే పలికింది: "యెస్. వైజాగ్."

ఇక చూడండి నా వైభోగం! నీడలోకి కుర్చీ వచ్చింది. కొబ్బరిబోండాంలో గొట్టం ఒకటి చాలదని రెండు పెట్టారు. గుర్రంవాడు గుర్రాన్ని తెచ్చి నా ముందు నిలబెట్టి, "హార్స్ సార్" అని పరిచయం చేశాడు. ఈలోగా మా థీడా పక్క బండి ఆవిడతో బర్మీస్‌లో హాయిగా చెప్పుకుంటోంది.

"పాపం, ఆ కాళ్లు చూడవే, అగ్గిపుల్లల్లా ఉన్నాయి."

"పొట్ట మాత్రం బాగానే పెంచాడే."

ప్రతి అక్షరం అర్థమవుతోంది. అయినా దొరలా చిరునవ్వు నవ్వుతూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున మా థీడా మొహింగా తినమంది. పాలు మానేసిన దగ్గర్నుంచీ నేను రోజూ తినే చేపల పులుసు నూడుల్స్ అది. "వాట్ ఈజ్ దిస్?" అన్నాను, సిగ్గులేకుండా. ఆవిడ చెంచా ఎలా పట్టుకోవాలో చూపించింది. మొదటి ముద్దకే కళ్లనీళ్లు పెట్టుకుని దగ్గాను. చుట్టూ చేరినవాళ్లు మురిసిపోయారు.

"సార్, విచ్ హోటల్?" అంది ఆవిడ ప్రేమగా.

చెప్పాను. ఆవిడ మొహం మారిపోయింది. "అక్కడ ఫారినర్ ఎలా ఉంటాడు?" అని పక్కావిడని అడిగింది. పక్కావిడ ఇంకొకరిని అడిగింది. బీచిలో కబురు అలకంటే ముందు ఒడ్డుకి చేరుతుంది.

నేను లాడ్జికి చేరేసరికి వార్డు ఆఫీసు నుంచి ఊ తిన్ అనే పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. వెనకాలే మా థీడా, ఆవిడ వెనక సగం బీచి. డౌ మ్యా రిజిస్టరు పట్టుకుని నిలబడింది.

"పాస్‌పోర్ట్ ప్లీజ్, సార్" అన్నాడాయన.

బర్మీస్ అందుకున్నాను. "అయ్యా, మాది పబేడాన్. నేను ఇక్కడివాణ్నే."

మా థీడా గుండెల మీద చెయ్యేసుకుంది. "చూశారా! నిన్న ఒక్క ముక్క రాదు, రాత్రికి రాత్రే ఎంత చక్కగా నేర్చేసుకున్నాడో!"

"నిన్న అబద్ధం చెప్పానండీ."

"ఇవాళ చెప్పేది నిజమని ఏమిటి నమ్మకం?" అన్నాడు ఊ తిన్. "కార్డేదీ?"

కార్డు అమ్మ సంచిలో ఉంది. అమ్మ సంచితో సహా జాలరిపేటకి ఎండురొయ్యలు కొనడానికి వెళ్లింది. చేసేదిలేక బస్సుల నంబర్లు చెప్పాను. బళ్లో నేర్పిన అక్షరాల పాట పాడాను. జనం చప్పట్లు కొట్టారు గానీ ఒక్కరూ నమ్మలేదు. కార్డు నా కళ్లతో చూశానయ్యా అని డౌ మ్యా చెప్పినా ఊ తిన్ వినలేదు, ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఆ క్షణంలో నా మీద నాకే అసహ్యం వేసింది.

అంతలో అమ్మ నెత్తిన రొయ్యల సంచితో వచ్చింది.

"ఏటిరా ఈ జనం? ఏటి సేసినావు?"

"ఇండియావాణ్నని చెప్పానమ్మా."

"అలగెందుకు సెప్పినావురా?"

"సార్ అన్నారు."

ఊ తిన్ అడ్డొచ్చాడు. "అమ్మా, ఈయన మీ అబ్బాయేనా?"

అమ్మ నన్ను కళ్లద్దాల నుంచి కాళ్ల దాకా తీరిగ్గా చూసి, స్పష్టమైన బర్మీస్‌లో చెప్పింది. "కాదు బాబూ. ఎవరో ఇండియా దొరగారు. ఓడెక్కించి పంపించెయ్యండి."

నా పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు డౌ మ్యా కన్నీళ్లు చూసి, అమ్మ కరిగి, కార్డు తీసింది. ఊ తిన్ దాన్ని రిజిస్టరుతో పోల్చి చూసుకుని, "మీకేం భయం లేదు" అని డౌ మ్యాకి చెప్పి లేచాడు.

నేను డౌ మ్యా ముందు బర్మా పద్ధతిలో నేల మీద మోకరిల్లి, నుదురు ఆనించి, మన్నించమని మూడుసార్లు దణ్ణం పెట్టాను. సరిగ్గా అప్పుడే దారిన పోతున్న తెల్లదొరసాని ఒకావిడ ఆగి, "ఓ, లోకల్ పీపుల్! సో నైస్!" అంటూ టకటకా నన్ను ఫోటోలు తీసేసుకుంది. అంతవరకూ అనుమానంగా చూస్తున్న మా థీడా కూడా అప్పుడు నమ్మింది.

కావున అప్పలరాజు అను జో విన్ అనబడే నేను, కన్నతల్లి సమక్షంలో, ఎండురొయ్యల సంచి ఒళ్లో పెట్టుకుని, యాంగోన్ బస్సు చివరి సీటులో చేసిన ప్రతిజ్ఞ ఏమనగా: ఎవరు ఎంత వంగి సార్ అని పిలిచినా సరే, నేను కంటితో చూడని ఊరిని నా సొంత ఊరని ఈ జన్మలో చెప్పను.