ఐదు నక్షత్రాల బండి

ఇంకా ఎవరూ నడపని బండికి మన్నికలో ఐదు నక్షత్రాలు వేసి ఒక మోటారు బండ్ల పత్రికవాళ్లు అచ్చేశారు. అది తప్పు.

నేను బడికి పోకుండా అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అచ్చులో ఉన్నదంటే నాకు గురి. మైపాడు నుంచి నెల్లూరుకు చేపలు తోలే మా తమ్ముడికి ఆ పత్రిక చదివి వినిపించి, కొత్త ట్రక్కు కొనిపించాను. మా ఊళ్లో చేపల బండ్లవాళ్లు ఏది కొనాలన్నా, ముందు అలాంటిదే నడుపుతున్నవాడి బండి కిందికి దూరి, అడుగు రేకును గోటితో గీకి చూస్తారు. అది చూసి నవ్వాను. "నవ్వన్నా నవ్వు, ఉప్పుకు చదువొస్తుందా?" అన్నాడు వాళ్లలో ఒకడు.

ఉప్పుగాలికీ, కారే ఐసునీళ్లకూ ఏడాది తిరక్కుండానే అడుగు రేకు చిల్లులు పడింది. బండి షెడ్డుకెక్కింది, చేపలు వేరేవాళ్ల బండ్లెక్కాయి. తమ్ముడు నన్ను తిట్టలేదు. "ఆ పుస్తకంలో ఇంకేం రాసినారో చూడన్నా," అన్నాడంతే.

ఏ సముద్రం ఒడ్డున నడిపి చూశారని పత్రికకు నాలుగు ఉత్తరాలు రాశాను. కోపం కూడా అలిసిపోయాక జవాబొచ్చింది:

"అయ్యా, మేము రాసేనాటికి ఆ బండి అమ్మకానికి రాలేదు. అదే కంపెనీ పాత బండ్లు కొన్నవాళ్లు చెప్పినదాన్ని బట్టి అంచనా వేశాము. సముద్రతీరం నుంచి మాకెవరూ రాయలేదు. మీరే మొదటివారు."