తోటికోడలి మాత్రలు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో అసిరమ్మ నడిచొస్తుంటే ఎదురొచ్చేవాళ్లు పక్కకి తప్పుకునేవారు. మనిషి అంత నిండుగా ఉండేది. మొగుడు పోలయ్య లోకో షెడ్డులో ఫిట్టరు, గాలేస్తే ఊగే శాల్తీ. ఆవిడ మాత్రం గోధుమల బస్తాని ఒక్క తోపుతో గదిలోకి నెట్టేసేది. ఆ బలం వల్లే కాలనీలో ఆవిడకో పెద్దరికం దక్కింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి రైల్వేలో స్థిరపడ్డ కుటుంబాలన్నీ కలిసి ఏటా ఎండాకాలంలో అమ్మవారి పండగ చేస్తాయి. ఆ పండక్కి ఘటం ఎత్తేది అసిరమ్మే.

ఘటమంటే ఇత్తడి బిందె నిండా పసుపునీళ్లు, చుట్టూ వేపమండలు, మీద దీపం. గుడి దగ్గర నెత్తికెత్తుకుంటే క్వార్టర్ల వరసలన్నీ తిరిగి మళ్లీ గుడి చేరేదాకా నేలకి దించకూడదు. ఏ గడప ముందు ఆగితే ఆ ఇంటి ఆడమనిషి వచ్చి ఘటం ఎత్తినావిడ కాళ్ల మీద నీళ్లు పోసి మొక్కాలి. ఆఫీసర్ల పెళ్లాలైనా సరే, ఆ రోజు అసిరమ్మ కాళ్ల దగ్గర వంగవలసిందే. మిగతా ఏడాదంతా ఆవిడ ఆ ఒక్క రోజునీ తలుచుకుని మురుస్తూ బతికేది.

పక్క క్వార్టర్లో తోటికోడలు ప్రసూన, మరిది శంకరరావు పెళ్లాం. పిల్లలు పుట్టాక ఆమె కూడా బాగా ఒళ్లు చేసింది. మోకాళ్లు పట్టేసి గుమ్మం దిగడానికి మూలిగేది. అసిరమ్మకి అది హాయిగానే ఉండేది. "మనిద్దరం ఒక్క రిక్షాలో పట్టమే" అని నవ్వేది. అలాంటిది, తొంభై ఒకటో సంవత్సరం దీపావళి దాటాక ప్రసూన కరగడం మొదలెట్టింది.

"ఓలమ్మ, ఏటే పిల్లా, సగమైపోనావు!" అంది అదే లైన్లో ఉండే అచ్చియమ్మ, కుళాయి దగ్గర.

"దయాల్‌బంద్ డాక్టరమ్మ మాత్రలిచ్చింది పిన్నీ. ఆకలి ఉండదు."

"సూడర్రా, నడుం కనబడతంది!"

అసిరమ్మ తన బిందెని కుళాయి కింద దడేలున పెట్టింది. "టైఫాయిడ్ వచ్చినోళ్లకీ కనబడద్ది నడుం" అంది.

నోటితో అలా అంది గానీ ఆ నడుం ఆవిడ కళ్లముందు నుంచి పోలేదు. అన్నం తింటుంటే ప్రసూన నడుం. బట్టలు ఆరేస్తుంటే ప్రసూన నడుం. పోలయ్య ఒకరోజు పీట మీద కూర్చుని "మన ప్రసూనకి మోకాళ్లనొప్పి పోయిందట" అన్నాడు, పాపం మంచిమాటే. అసిరమ్మ అతని కంచంలో కూరకి బదులు ఉప్పు గిన్నె బోర్లించినంత పని చేసింది. "దానిమీద నీకెందుకంత శ్రద్ధ? డూటీకి ఎళ్లు."

అంతటితో పోయినా బాగుండేది. పండగ కమిటీ పెద్ద రమణమూర్తి సంక్రాంతి వెళ్లిన తరవాత చందా పనిమీద వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "అసిరమ్మా, నీకూ వయసొస్తోంది. ప్రసూన ఇప్పుడు గట్టిగా ఉంది. ఒక ఏడు ఘటం ఆమెకిద్దామా?" అన్నాడు.

"నా మెడ ఇరిగినాక అడగండి బాబూ" అని తలుపేసింది.

ఆ మర్నాడే ప్రసూన పెరట్లో చెత్త దగ్గర ఖాళీ మాత్రల అట్ట దొరికింది. దొరికింది అనకూడదు, ఏరుకుంది. కొంగున కట్టుకుని బుధవారీ బజారులో ఒక మందుల కొట్టుకి వెళ్లింది.

"డాక్టర్ కీ పర్చీ, అమ్మాజీ?"

"ఘర్ మే హై భయ్యా. జల్దీ దో, రిక్షా ఖడా హై."

ఇంట్లో డాక్టరు చీటీ లేదు, బయట రిక్షా లేదు. కొట్టువాడు బయటికి తొంగి చూస్తే కదా.

మాత్రలు పనిచేశాయి. అన్నం మీదికి మనసే పోయేది కాదు. పొద్దున్న టీ, మధ్యాహ్నం గుక్కెడు గంజి. నోరు ఎండిపోయేది, నిద్ర పట్టేది కాదు, గుండె దడదడ కొట్టుకునేది. ఇవన్నీ మాత్ర చేసే పనిలో భాగమే అనుకుంది. రవికెలు వదులయ్యాయి. కుళాయి దగ్గర అచ్చియమ్మ "నువ్వు కూడానేటే అసిరీ!" అని నోరు తెరిస్తే, ఆ రోజంతా అసిరమ్మ పనున్నా లేకపోయినా ప్రసూన గుమ్మం ముందు నుంచే తిరిగింది.

అయితే రుబ్బురోలు దగ్గర చేతులు ముందుగానే చచ్చుబడిపోయేవి. నిండు బిందె చంకనెత్తుకుంటే కాళ్లు వణికేవి. సగం బిందెలే తెచ్చుకుని, నీళ్లు సన్నగా వస్తున్నాయని మున్సిపాలిటీని తిట్టేది.

పండగ ముందు ఒక మధ్యాహ్నం, జల్లెడ అడిగే వంకతో ప్రసూన పెరటి తలుపు తోసింది. లోపల ప్రసూన కొంగు నడుముకి దోపుకుని, పట్టాల కింద పరిచే కంకర నింపిన నూనె డబ్బాని రెండు చేతులా పట్టుకుని, గుంజీలు తీసినట్టు కూర్చుంటోంది, లేస్తోంది.

"ఏటే అది?"

ప్రసూన సిగ్గుపడి డబ్బా దించింది. "నవ్వకక్కా. డాక్టరమ్మ చెప్పింది. ఉత్తి మాత్రలేసుకుని కడుపు మాడిస్తే కొవ్వుతో పాటు కండా పోద్దంట. బరువులెత్తాలంట, పప్పూ గుడ్లూ మానకూడదంట. అప్పుడే బలం నిలబడద్ది."

"మరి కుళాయి కాడ ఈ ముక్క సెప్పనేదేటి?"

"ఏటని సెప్పీది? ఆడది తలుపేసుకుని పహిల్వానులాగ డబ్బాలెత్తుతందని కాలనీ అంతా నవ్వదా? ముందు నువ్వే నవ్వుదువు."

అది అబద్ధం కాదు. నవ్వడమేమిటి, నాలుగు లైన్లకీ వినబడేలా చెప్పేది.

"అక్కా, నువ్వూ మాత్రలేసుకుంటున్నావేటి? మొహం పీక్కుపోయింది. బీపీ సూడకుండా ఏసుకోకూడదు."

"నాకేటి కర్మ! అమ్మవారికి ఉపాసాలుంటన్నాను" అంది అసిరమ్మ. అమ్మవారి పేరు మీద అబద్ధమాడాక జల్లెడ మాట మరిచిపోయి వచ్చేసింది. మాత్రలు మాత్రం ఆ పూటే మానేసింది. పోయిన కండ పండగలోగా ఎక్కడ నుంచి వస్తుంది?

పండగ రోజు డప్పులు మోగుతుంటే ఘటం నెత్తికెక్కింది. ఎప్పుడూ లేనిది, ఎత్తడానికే ఇద్దరు సాయం పట్టారు. మొదటి వరస గడిచింది. రెండో వరసలో మెడ నరాలు లాగాయి. తన సొంత లైన్ మొదట్లోకి వచ్చేసరికి మోకాళ్లు ఆడసాగాయి, పసుపునీళ్లు చెంపల మీదికి కారాయి. ఘటం పడితే కాలనీకే అరిష్టమంటారు. ఇంకొకరికిస్తే, ఆ పెద్దరికం ఇంక తిరిగి రాదు. పక్కనే ప్రసూన చెంబుతో నడుస్తోంది.

"పట్టుకోయే" అంది అసిరమ్మ పళ్ల బిగువున.

ప్రసూన గబుక్కున అందుకుని అందరికీ వినబడేలా "అక్క కాలు బెణికింది!" అని అరిచింది.

తిట్టినా ఓర్చుకునేది గానీ, ఆ దయని అసిరమ్మ ఓర్చుకోలేకపోయింది. "బెణకనేదు. నీ మాత్రలే దొంగచాటుగా కొని మింగి బలం పోగొట్టుకున్నాను. నడు" అంది, డప్పుల మోతని మించిన గొంతుతో.

ఘటంతో ప్రసూన నడిచి ఆగింది ఎక్కడనుకున్నారు? అసిరమ్మ గుమ్మం ముందే. ఇంటి ఆడమనిషి నీళ్లు పోయాలి. డప్పులు ఆగాయి. అసిరమ్మ చెంబు తెచ్చి, తనకంటే చిన్నదాని కాళ్ల దగ్గర వంగింది. నీళ్లు జారుతున్న ఆ పిక్కలు రాయిలా ఉన్నాయి, ఒక్క నరం కదలడం లేదు. మొక్కింది అమ్మవారికే. చూసింది మాత్రం పిక్కల్నే.

పండగ బడలిక తీరకుండానే "నడు, ఆ డాక్టరమ్మ కాడికి" అని ప్రసూనని లాక్కుని దయాల్‌బంద్ వెళ్లింది. డాక్టరమ్మ బీపీ చూసి, గుండె విని, హిందీలో చెడామడా తిట్టింది. మళ్లీ ఆ మాత్రలు ముట్టుకోవద్దంది. కడుపునిండా తినమంది, బరువులెత్తమంది.

"ఇది ఎంత ఎత్తతంది?" అని అడిగింది అసిరమ్మ, ప్రసూన వైపు వేలు చూపించి.

"పూరా డబ్బా."

"అయితే నాకు రెండు రాయండి."

"మీరు ఖాళీ డబ్బాతో మొదలుపెట్టండి, అమ్మాజీ" అంది డాక్టరమ్మ.

ప్రసూన నవ్వు ఆపుకోడానికి గోడవైపు తిరిగింది. అసిరమ్మ ఆ వీపు వైపు చూసింది. అదీ తిన్నగానే ఉంది, పాడుది.