మంచులో గుంత

హిమాచల్ మంచులో మేము వేసిన టెంటుకు వేరే ఊచలు లేవు, మా నడక కర్రలే గుంజలు. ధర్మవరంలో గుంత మగ్గం నేసే నాకు ఆ పల్చటి గుడ్డను వేళ్ళతో నలిపి చూడగానే అది చలిని ఆపుతుందన్న నమ్మకం పోయింది. అంతలో పక్క ఊరి ముసలాయన పార పట్టుకొచ్చి, మమ్మల్ని అడగకుండానే టెంటు వాకిట్లో తవ్వడం మొదలుపెట్టాడు.

నన్ను వెంటబెట్టుకొచ్చిన హిందూపురం స్నేహితుడు చెవిలో గొణిగాడు. "ఏమప్పా, ఈయప్ప గుంత ఎందుకు తవ్వుతాండాడు? మన్ని ఈడనే పూడ్చి సామాన్లు ఎత్తుకపోతాడేమో!"

నేను సంచీని దగ్గరకు లాక్కున్నాను.

ముసలాయన హిందీలో అన్నాడు. "చలి గుంతలోకి దిగిపోతుంది, మీరు పడుకునే చోట తగ్గుతుంది. ఇక్కడ కూర్చుని కాళ్ళు దించండి, బూట్లు విప్పుకోవడం సులువు."

సంచీ వదలకుండానే అంచున కూర్చుని కాళ్ళు దించాను. నా పాదాలు, నా ప్రమేయం లేకుండానే, మా ఇంటి మగ్గం గుంతలో ఉండే తొక్కుడు చెక్కల కోసం వెతికాయి.