అక్కకు గ్యాసు వాసన తెలియదు

గ్యాసుకు సొంతంగా వాసన ఉండదు. లీకైతే మనిషికి తెలియాలని ఆ కుళ్లు కంపును కంపెనీవాళ్లే కలుపుతారు. చిత్తూరులో గ్యాసు ఏజెన్సీ మెకానిక్‌గా ఎన్నో వంటిళ్లలో ఈ మాట చెప్పాను. "వాసనొస్తే భయపడొద్దండి, ముందు రెగ్యులేటరు ఆపండి, స్విచ్చులు ముట్టుకోవద్దు" అనేవాణ్ణి. వాసనే తెలియని మనిషికి ఏం చెప్పాలో నాకెవరూ నేర్పలేదు.

మా అక్క పాకాలలో అద్దె ఇంట్లో ఒక్కతే ఉండేది. బావ పోయాక జంక్షన్‌లో పనిచేసే రైల్వేవాళ్లు పదిమందికి మధ్యాహ్నం క్యారియర్లు కట్టి బతికింది. ఆమెకు కరోనా జ్వరం తగ్గింది గానీ పోయిన వాసన, రుచి తిరిగి రాలేదు. ఆరు నెలలు చూడమన్నారు. ఏడాది దాటాక తిరుపతిలో చూపించాను. డాక్టరు ఆమె ముక్కు దగ్గర కర్పూరం, కాఫీపొడి, ఇంగువ వరసగా పెట్టాడు. ఇంగువ దగ్గర అక్క కొంచెం ఆగింది. నాకు ఆశ పుట్టింది.

"లేదు సార్. ఎట్లుంటాదో గుర్తు తెచ్చుకుంటా ఉన్నా" అంది.

ఒకరోజు పాకాలలో పనుండి మధ్యాహ్నం రెండు దాటాక అక్క ఇంటికి వెళ్లాను. తలుపు తోయగానే కంపు ముఖానికి కొట్టింది. ముందుగదిలో చాప మీద పడుకున్న అక్క నన్ను చూసి నవ్వుతూ లేచింది.

"ఎండలో పడొచ్చినావు. ఉండు నాయనా, ఫ్యానేస్తా" అంటూ స్విచ్చు వైపు చెయ్యి చాచింది.

"ముట్టుకోవద్దక్కా!" అని అరిచాను. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

జబ్బ పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చి, మళ్లీ లోపలికి పరుగెత్తాను. పొయ్యి మీద పప్పు పొంగి మంట ఆరిపోయి ఉంది. గ్యాసు వస్తూనే ఉంది. రెగ్యులేటరు ఆపి, తలుపులూ కిటికీలూ తెరిచి బయటపడ్డాను. ఈ గ్యాసు గాలికన్నా బరువు. పైకి పోదు, నీళ్లలా నేల మీద పరుచుకుంటుంది. అక్క పడుకున్నది ఆ నేల మీదే.

అరుగు మీద కూర్చున్నాం.

"ఏమైందిరా? పప్పు సన్నమంట మీద పెట్టి అట్ల నడుం వాల్చినా, అంతే."

"గ్యాసక్కా. ఇల్లంతా గ్యాసే."

ఆమె తలుపు వైపు తిరిగి గట్టిగా గాలి పీల్చింది. మళ్లీ పీల్చింది. "నాకేం తెలీలేదే" అంది.

మర్నాడే, లీకైతే అరిచే పెట్టె ఒకటి తెచ్చి నేలకు జానెడెత్తులో గోడకు బిగించాను. కరెంటు పోతే అది మూగదే. ఆ వీధిలో కరెంటు రోజూ పోయేది. సిలిండరును పెరట్లో రేకు కింద నిలబెట్టి, గోడకు కన్నం పెట్టి పైపు లోపలికి తెద్దామని ఇంటి ఓనరును అడిగాను.

"ఆమెకు ముక్కు పనిచెయ్యకపోతే నా గోడేం చేసిందప్పా?" అన్నాడు.

ఒప్పుకున్నా పెద్ద లాభం లేదు. మంట ఆరితే గ్యాసు వచ్చేది లోపలి పొయ్యిలోంచే. అది తెలిసీ అడిగాను. ఏదో ఒకటి చెయ్యకుండా ఉండలేక అడిగాను.

చివరికి పొయ్యి, సిలిండరు తీసేసి కరెంటు పొయ్యి కొనిచ్చాను. పదిమంది వంట దాని మీద సాగలేదు. కరెంటు లేనప్పుడు క్యారియర్లు ఆలస్యమయ్యేవి. వెళ్లినవి సగం నిండుగా తిరిగొచ్చేవి. ఉప్పు ఆమె చేతి కొలతతో వేసేది. కొన్నాళ్లుగా ఆ కొలతా తప్పుతోంది.

"అమ్మా, ఈ పొద్దు ఉప్పు రెండుసార్లు పడినట్టుండాది" అన్నాడట ఒకాయన, నొచ్చుకుంటూ. ఆయన మంచివాడు. ఇంకో నెల తిని మానేశాడు. ఇద్దరే మిగిలినప్పుడు అక్క తనే వాళ్లను వద్దంది.

"పక్కింటి పాపను పిలిచి రుచి చూపిస్తా ఉంటిరా. ఆ బిడ్డ బాగుందనే చెప్తాది. నా మొగం చూసి చెప్తాది" అంది నాతో.

ఇప్పుడు చిత్తూరులో మా ఇంట్లోనే ఉంటోంది. నా భార్య ఎంత చెప్పినా వంటింట్లో అడుగుపెట్టదు. గ్యాసు వెలిగించిన చప్పుడు వినగానే లేచి వీధి గుమ్మంలోకి వెళ్లి నిలబడుతుంది. పొయ్యి ఆపామని చెప్పేదాకా లోపలికి రాదు. మళ్లీ డాక్టరుకు చూపిద్దామంటే, "వద్దులేరా. ఆ ఇంగువ మళ్లీ పెడతాడు" అంది.

మొదట్లో కంచం ముందు కూర్చుని "ఏం కూరమ్మా?" అని అడిగేది. చెబితే తల ఊపి తినేది. ఈమధ్య అడగడం మానేసింది.