తలుపుకి వీపు ఆన్చిన మా అత్త

క్లాసుకి బయల్దేరుతుంటే నాన్న ఫోన్ చేశారు. "మీ అత్త పోనాదమ్మా. పొద్దున్న లెగలేదు" అన్నారు. నాకు ముందు ఏడుపు రాలేదు, భయమేసింది. చేతులు చల్లబడిపోయి, భుజాన ఉన్న బ్యాగు దించాలని కూడా తోచలేదు. బరంపురం రైలు ఎక్కేదాకా అలాగే ఉన్నాను.

అత్త అంటే మా నాన్నకి అక్క. పెళ్లయిన కొన్నేళ్లకే మామయ్య పోవడంతో బరంపురం హల్దియాపదర్‌లో మా ఇంట్లోనే ఉండిపోయింది. మా బట్టల కొట్లో ఆడవాళ్లకి చీరలు చూపించేది ఆవిడే. "ఆసొ, బొసొ" అని ఒడియాలో పిలిచి కూర్చోబెట్టి, ఆ పక్కావిడతో తెలుగులో అందుకునేది. ఆవిడకి భయాలెక్కువ. ఉరుమంటే భయం, లిఫ్టంటే భయం, కుక్కరు కూతంటే భయం. భయమేసినప్పుడు పక్కనున్నవాళ్ల మణికట్టు గట్టిగా పట్టుకునేది. నా చిన్నతనమంతా ఆ మణికట్టు ఎక్కువగా నాదే. ఆ పిరికితనం నాకూ అబ్బిందని అమ్మ అనేది. అబద్ధం కాదు.

అలాంటి నేను విశాఖపట్నంలో ఒక యూనివర్సిటీలో గేమ్ ఆర్ట్‌లో చేరాను. వీడియో గేముల్లో కనబడే ఇళ్లని, వీధుల్ని, మనుషుల్ని కంప్యూటర్ మీద తయారుచేసే చదువు అది. బొమ్మలు వెయ్యడం నాకు ఇష్టం. వేసినవి నలుగురిలో చూపించడమే ప్రాణం మీదికొచ్చేది. మా క్లాసులో ఒక్కొక్కరి పనీ పెద్ద తెర మీద పెట్టి అందరూ మాట్లాడతారు. రెండో ఏడాదిలో, చూస్తే భయమేసే చోటు ఒకటి తయారుచెయ్యమన్నారు. నేను పాడుబడ్డ బంగళా కట్టాను. సాలెగూళ్లు, విరిగిన కిటికీలు, అన్నీ పెట్టాను. మేడమ్ కాసేపు చూసి, "శుభ్రంగా చేశావు. కానీ ఇక్కడ భయపడుతున్నది ఎవరు?" అని అడిగారు. క్లాసంతా నా వైపే చూస్తోంది. లేచి బయటికి నడిచాను. ఆ తర్వాత రోజూ క్లాసు గుమ్మం దాకా వెళ్లడం, వెనక్కి వచ్చెయ్యడం. ఆఖరికి ఇంటికి ఫోన్ చేసి, చదువు మానేసి వచ్చేస్తానన్నాను.

మర్నాడు మధ్యాహ్నం హాస్టల్ గేటు దగ్గర అత్త నిలబడి ఉంది. ఒక్కతీ పక్కూరు ఛత్రపూర్ కూడా ఎప్పుడూ వెళ్లని మనిషి. చేతిలో స్టీలు క్యారియరు ఉంది.

"ఒక్కదానివే వచ్చావా అత్తా?"

"మరేటి? గిరిసోల దాటి ఆంధ్రాలో పడ్డ కాణ్ణించీ ఎనక్కి ఎలిపోదారనే అనుకున్నాను. రైలు ఆగితే కదా!"

గదిలో నా మంచం మీద కూర్చుని చెమట తుడుచుకుంది. "నాకు భయమేస్తోంది అత్తా. ఆ క్లాసులోకి వెళ్లలేను" అన్నాను. ఆవిడ ధైర్యమేమీ చెప్పలేదు. నా చిన్నప్పటి తుఫాను సంగతి ఎత్తింది. నాన్న కొట్లోనే చిక్కుకుపోయిన ఆ సాయంత్రం, గాలికి మా వీధి తలుపు గడియ ఊడిపోయింది. అత్త తలుపుకి వీపు ఆన్చి, కాళ్లు నేలకి తన్నిపెట్టి నిలబడింది. అమ్మ నన్ను మంచం కిందికి తోసింది. అక్కణ్ణించి నాకు కనబడింది అత్త పాదాలే.

"నువ్వు గట్టిదానివి, నిలబడ్డావు" అన్నాను.

"గట్టిదాన్నా! ఆ రోజు సీరలోనే పోసీసుకున్నాను పిల్లా. వానకి తడిసిందనుకున్నారు అందరూ. నీకే సెప్తన్నాను, మీ నాన్నకి సెప్పకు." ఇద్దరం నవ్వాం. తర్వాత మెల్లగా అంది. "బయం పోయినాక తలుపు పట్టుకుందారంటే, అప్పటికి తలుపుండదు కదే."

అత్త వెళ్లాక బంగళా తీసేశాను. మా ఇంటి ముందుగది కట్టాను, మంచం కింద దాక్కున్న పిల్లకి కనబడినట్టు. లోపలికి ఉబ్బుతున్న తలుపు, దాని కిందనుంచి వచ్చే నీళ్లు, జారుతూ మళ్లీ నిలదొక్కుకునే రెండు పాదాలు. చూపించిన రోజు గొంతు వణికింది. వణుకుతూనే మాట్లాడాను. "ఆ పాదాలు ఎవరివి?" అని మేడమ్ అడిగారు. "మా అత్తవి" అన్నాను. ఆ తర్వాత కూడా తెర ముందు నిలబడ్డ ప్రతిసారీ భయమేసింది. బయటికి మాత్రం నడవలేదు.

సెలవుల్లో అత్తకి చూపించాను. తలుపు చప్పుడు మొదలవగానే, "వద్దే, తీసీ, తీసీ" అంటూ వంటింట్లోకి పోయింది. కాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మళ్లీ పెట్టు" అంది. ఆఖరిదాకా చూసింది.

ఇప్పుడు నాది చివరి ఏడాది. ఉద్యోగమంటే ఏదో తెలియని ఊరు, తెలియని మనుషులు. నేను భయపడుతున్నానని తెలిస్తే, తానూ భయపడుతూనే బయల్దేరి వచ్చే మనిషి ఇక లేదు. అది తల్చుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

హాస్టల్ నుంచి ఆవిడ తిరిగి వెళ్లిన సాయంత్రమే రోజూ గుర్తొస్తోంది. స్టేషన్‌కి తీసుకెళ్లి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. రైలు కదలగానే కళ్లు గట్టిగా మూసేసుకుంది. నేను పెట్టె వెంబడే నడుస్తున్నాను. కిటికీ చువ్వల్లోంచి చెయ్యి బయటికి పెట్టి, కళ్లు తెరవకుండానే, నేను లేని వైపుకి ఊపుకుంటూ వెళ్లిపోయింది.